నవలలో ఆ కుక్క లేదు

అందరికీ నమస్కారం. మైకు కొంచెం గోల చేస్తున్నట్టుంది. వెనకవాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఒక చిన్న లెక్క తీద్దాం. దేవదాసు సినిమా, ఏ భాషలోదైనా సరే, ఏ హీరోదైనా సరే, చూసినవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఉన్నారు. సంతోషం. ఇప్పుడు శరత్ రాసిన నవల చదివినవాళ్లు? ఒకటి, రెండు... ఆ మూల ఒకరు... ఏడెనిమిది మంది. చదవనివాళ్లు సిగ్గుపడక్కర్లేదు. ముప్పయ్యేళ్లు వచ్చేదాకా నేనూ మీ జట్టులోనే ఉన్నాను.

ఇంకో చిన్న పని చెయ్యండి. కళ్లు మూసుకుని ‘దేవదాసు’ అని అనుకోండి. ఏం కనపడింది? మాసిన గడ్డం, భుజాన శాలువా, చేతిలో సీసా, పక్కన కుక్క. అవునా? నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే “ఏంట్రా, దేవదాసులా తయారయ్యావ్” అని ఇంట్లో అడుగుతారు. అలా అడిగేవాళ్లు నవల చదివి ఉండరు, ఒక్కోసారి 1953 సినిమా కూడా చూసి ఉండరు. వాళ్లకి ఆ బొమ్మ చాలు. నేను మొదటిసారి నవల చేతపట్టుకున్నప్పుడు ఆ కుక్క ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. పదహారు అధ్యాయాలూ అయిపోయాయి. కుక్క రాలేదు.

కుక్క లేకపోవడం చిన్న విషయమే. కానీ చదువుతున్నకొద్దీ ఇంకా చాలా లేవని తెలిసింది. దేవదాసు పాడే పాటలు లేవు. వేదాంతం లేదు. పార్వతీ చంద్రముఖీ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఆఖర్న మూసుకునే తలుపులు కూడా లేవు. ఇవన్నీ లేకుండా ఈ కథ ఇన్నేళ్లు ఎలా నిలబడింది? ఉన్నదేమిటి? ఈ సాయంత్రం నాకు తోచింది చెప్తాను. ఒప్పుకోకపోతే చివర్లో తిడుదురుగాని.

ముందు కొంచెం పూర్వాపరాలు. శరత్ చంద్ర చటోపాధ్యాయ ఈ నవల రాసింది 1900 ప్రాంతంలో, ఇరవైల్లో ఉన్నప్పుడు. అచ్చయింది 1917లో. ఈ మధ్యలో ఆయన 1903లో బర్మా వెళ్లి, రంగూన్‌లో గుమాస్తాగా పనిచేసి, 1916లో తిరిగొచ్చాడు. రాసిన కుర్రాడికీ అచ్చువేయించిన పెద్దమనిషికీ మధ్య అంత కాలం నడిచింది. దీన్ని అచ్చువేయించడానికి ఆయన పెద్దగా ఇష్టపడలేదు కూడా. తెలుగులోకి శరత్‌ని తెచ్చినవాళ్లలో చక్రపాణి పేరు ముందు చెప్పుకోవాలి. తర్వాత విజయా సంస్థలో నాగిరెడ్డిగారి పక్కన నిలబడిన చక్రపాణే. ఒక తరం తెలుగువాళ్లు శరత్‌ని తెలుగు రచయితే అనుకుని చదివారంటే ఆ పుణ్యం అనువాదకులది. మా ఇంట్లో పెద్దవాళ్లు ‘శరత్ బాబు’ అనేవాళ్లు, మా వీధిలో మనిషి గురించి మాట్లాడుతున్నట్టు.

ఇక నవలలోకి వెళ్దాం. నాకు బాగా ఇష్టమైన చోటు మొదటి పేజీల్లోనే ఉంది. దేవదాసు, పార్వతి ఇంకా చిన్నపిల్లలు. దేవదాసు బడి ఎగ్గొట్టి తిరుగుతున్నాడు. తన దగ్గరున్న మూడు రూపాయలు దాచమని పార్వతికి ఇస్తాడు. ఆమె కొంగున ముడేసుకుంటుంది. దారిలో ముగ్గురు వైష్ణవ స్త్రీలు పాడుకుంటూ కనిపిస్తారు. పార్వతి పాట పాడించుకుంటుంది. పాట అయ్యాక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదు, ఆ మూడు రూపాయలు తప్ప. మూడూ ఇచ్చేస్తుంది, మనిషికి ఒకటి చొప్పున.

తర్వాత దేవదాసు వచ్చి డబ్బు ఏదని అడుగుతాడు. చెప్తుంది. మొత్తం ఇచ్చేశావా అంటాడు. ముగ్గురున్నారుగా మరి అంటుంది. నేనైతే రెండే ఇచ్చేవాణ్ణి అని దేవదాసు లెక్క కడతాడు: ఒక్కొక్కరికి పది అణాలు, పదమూడు గండాలు, ఒక కడ, ఒక క్రాంతి. నేను కాగితం తీసుకుని వేసి చూశాను. రెండు రూపాయలంటే ముప్ఫయి రెండు అణాలు, మూడు పెట్టి భాగిస్తే పది పోను రెండు అణాలు మిగులుతాయి. ఆ మిగిలినదాన్ని అణాకు ఇరవై గండాలు, గండాకు నాలుగు కడలు, కడకు మూడు క్రాంతులు చొప్పున చిల్లర చేసుకుంటూ పోతే సరిగ్గా అంతే వస్తుంది. బడి ఎగ్గొట్టే కుర్రాడు అణా పైసలతో సహా తప్పులేకుండా చెప్పాడు. వాళ్లకి నీలాగ లెక్కలొచ్చా ఏంటి అంటుంది పార్వతి. ఆ ఒక్క మాటతో అతనికి కోపం పోతుంది. తనకు లెక్కలొచ్చని ఆ పిల్ల ఒప్పుకుంది కదా!

ఇద్దరూ ఇక్కడే దొరికిపోయారు. ఆమె ఉన్నదంతా ఇచ్చేస్తుంది. ఇతను ఎంత మిగులుతుందో చూస్తాడు. పెద్దయ్యాక కూడా ఇంతే. అర్ధరాత్రి అతని గదికి వచ్చినప్పుడు పార్వతి మూడు రూపాయలూ తెస్తుంది. అతను పది అణాల పదమూడు గండాల దగ్గరే ఆగిపోతాడు.

అర్ధరాత్రి సంగతి అన్నాను కదా, అక్కడికి వెళ్లేముందు ఒక మెలిక ఉంది. పెళ్లి ఎందుకు కుదరలేదు? సినిమాలు చూసినవాళ్లం ఠక్కున ‘జమీందారు, బీద’ అంటాం. నవలలో కారణం ఇంకొంచెం మొరటుగా ఉంటుంది. పార్వతి వాళ్లది ఆడపిల్లల్ని ఇచ్చేటప్పుడు డబ్బు తీసుకునే ఇంటి ఆచారం. అలాంటి ఇంటి పిల్లని, అదీ పక్కింటి పిల్లని, చేసుకోవడం దేవదాసు ఇంటివాళ్లకి, ముఖర్జీలకి, నామోషీ. మన దగ్గర ఓలి అంటారు చూడండి, అదే. కన్యాశుల్కం! శరత్ కలం పట్టకముందే, 1892లో విజయనగరంలో గురజాడ నాటకం ఆడేసింది. మనం బుచ్చమ్మనీ సుబ్బినీ చూసినవాళ్లం కాబట్టి ఈ సంగతి చప్పున అర్థం కావాలి. కానీ తమాషా ఏమిటంటే శరత్ ఆ ఆచారం మీద ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వడు. పార్వతి తండ్రి తను డబ్బు తీసుకోకూడదనుకున్న మనిషి. అయినా ఇంటికి అంటిన పేరు పోలేదు. గురజాడ ఆ ఆచారాన్ని నడిబజార్లో నిలబెట్టి అందరిచేతా నవ్వించాడు. శరత్ దాన్ని రెండు ఇళ్ల మధ్య గోడలా వదిలేసి పక్కకి వెళ్లిపోయాడు. తగలవలసినవాళ్లకి అది తగులుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి. పార్వతికి వేరే సంబంధం కుదిరింది. ఒంటరిగా నడిచి, కాపలావాళ్లని దాటుకుని, దేవదాసు పడుకున్న గదికి వస్తుంది. అతను అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఎవరైనా చూశారా అని. రేపు మొహం ఎలా చూపిస్తావు అంటాడు. నా సిగ్గంతా నువ్వు కప్పేస్తావన్న నమ్మకం లేకపోతే వచ్చేదాన్నే కాదు అన్న అర్థంలో ఆమె జవాబు చెప్తుంది. ఈ మాట చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల చేత ఈ మాట అనిపించడం తేలిక కాదు. తర్వాత పాతికేళ్లకి మన చలం ‘మైదానం’లో రాజేశ్వరి ఏకంగా ఇల్లు వదిలేసి వెళ్లిపోతుంది, వెనక్కి చూడదు. పార్వతి నడిచింది ఆ రాత్రి కొన్ని గజాల దూరమే. కానీ నన్నడిగితే ఆ కొన్ని గజాలే ఎక్కువ కష్టం. రాజేశ్వరికి వెనకాల కాలిపోయిన ఇల్లుంది. పార్వతి తెల్లారేలోగా మళ్లీ అదే ఇంటికి వెళ్లి పడుకోవాలి.

దేవదాసు ఏం చేశాడు? తండ్రిని అడిగాడు, తిట్లు తిన్నాడు, కలకత్తా వెళ్లిపోయాడు. వెళ్లి ఉత్తరం రాశాడు. నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదు, నీ గురించి నా మనసులో పెద్ద బాధ కూడా లేదు అని దాని సారాంశం. ఉత్తరం పోస్టులో వేసిన క్షణం నుంచీ టెన్షన్. వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి పార్వతి మారిపోయింది. చెరువు రేవు దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఆమె మాటకి మాట చెప్తుంది. నీకెంత గర్వముందో నాకూ అంత ఉందంటుంది. అప్పుడతను అంత అందం మంచిది కాదు, చంద్రుడికి కూడా మచ్చ ఉంది అని, చేతిలో ఉన్న గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తం కారుతుంది.

ఆగండి, మళ్లీ చెప్తాను. గాలం కర్ర. చేపలు పట్టే కర్ర. పెళ్లి కుదిరిన పిల్ల మొహం మీద. మనం వందేళ్లుగా అమర ప్రేమికుడు అంటున్నది ఈ మనిషినే!

చిన్నప్పుడూ కొట్టాడు. ఆ దెబ్బలు కొట్టింది పంతులుగారని ఇంట్లో అబద్ధం చెప్పి అతన్ని కాపాడుతుంది పార్వతి. ఆ అబద్ధం వల్ల ఆమె చదువు ఆగిపోతుంది. శరత్ ఇవేవీ దాచడు. మంచివాడని చెప్పడు, చెడ్డవాడనీ చెప్పడు. ఇతని మీద మనకు జాలి కలగాలి, కానీ ఇతను చేసింది ఒక్కటి కూడా మర్చిపోకూడదు. నవల మొత్తం ఆ తాడు మీదే నడుస్తుంది.

సినిమాకి ఆ తాడు మీద నడవడం కుదరదు. ఎందుకంటే సినిమాలో హీరో ఉంటాడు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ తీసినదాంట్లో గాలం కర్ర కాస్తా హారం అయింది. పెళ్లికూతురు ముస్తాబులో ఉన్న ఐశ్వర్యా రాయ్ నుదుటి మీద షారూఖ్ ఖాన్ నగతో గీత గీస్తాడు. రక్తం కూడా అందంగా ఉంటుంది. దెబ్బ అలంకారమైపోయింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ ఆ దెబ్బకి నొప్పి లేదు.

సరే, మన సినిమాకి వద్దాం. మీరంతా దానికోసమే వచ్చారని నాకు తెలుసు. 1953, వినోదా వారి దేవదాసు. నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య, కెమెరా బి.ఎస్. రంగా. అక్కినేని, సావిత్రి, లలిత. అంతకుముందు నాగేశ్వరరావుగారంటే ఎక్కువగా జానపదాల హీరో. కత్తి పట్టినవాడు ఈ పాత్రకేం పనికొస్తాడన్నవాళ్లున్నారు. రాత్రిళ్లు షూటింగ్ పెట్టి ఆ నిద్రకళ్లనే మత్తుకళ్లుగా పట్టారని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. చుక్క తాగకుండా తాగుబోతు అంటే ఇలా ఉంటాడని మనకి నేర్పించారు.

సంగీతం సి.ఆర్. సుబ్బురామన్. సినిమా విడుదల కాకముందే, 1952లో, చిన్న వయసులోనే పోయారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. పాటలు సముద్రాల సీనియర్, గొంతు ఘంటసాల. ఇక్కడే మన దేవదాసు శరత్ దేవదాసు నుంచి విడిపోయాడు. “జగమే మాయ, బ్రతుకే మాయ” అంటాడు. కలిమిలేములు, కష్టసుఖాలు కావడిలో కుండలంటాడు. నవలలో దేవదాసు నోట ఇంత పెద్ద మాట ఒక్కటీ రాదు. అతనికి తత్వం తెలియదు. తాగుతాడు, ఏడుస్తాడు, ఎవరిమీదో విసుక్కుంటాడు, పడిపోతాడు. సముద్రాలవారు ఆ పడిపోయినవాణ్ణి లేపి వేదాంతిని చేశారు. తాగుబోతు నోట తత్వం చెప్పించడం మనకి కొత్త కాదు కదా, మన తత్వాలు పాడేవాళ్లలో సగంమంది లోకం వెర్రివాళ్లన్నవాళ్లే. అందుకే మన జనానికి ఆ పాట చటుక్కున అంటుకుంది.

“కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్, ఓడిపోలేదోయ్.” ఈ పాట ఎన్నిసార్లు విన్నా నాకు ఒంటి మీద రోమాలు లేస్తాయి. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. శరత్ దేవదాసు ఓడిపోయాడండీ! పొరపాటు జరిగింది, చేసింది అతనే. నవలంతా చెప్పేది అదే. పాట వచ్చి లేదు లేదు అని అతని భుజం తడుతోంది. ఘంటసాలగారి గొంతు వింటూ ఎవరినైనా తప్పు పట్టగలమా? గాలం కర్ర సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? పాట మొదలైందంటే శిక్ష రద్దయినట్టే.

దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. రెంటిలో ఒకటే ఉంచుకోమంటే నేను ఏది వదులుకుంటానో నాకే తెలియదు. సినిమాలో దేవదాసు మనకి తోడుంటాడు. నవలలో దేవదాసు మనల్ని ఇబ్బంది పెడతాడు. పొద్దున పూట ఒకటి కావాలి, రాత్రిపూట ఇంకొకటి.

మన సాహిత్యంలో ఆ ఇబ్బంది పెట్టే తమ్ముడు ఎవరంటే, నాకు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి గుర్తొస్తాడు. అతనూ అందుబాటులోకి వచ్చిన ప్రేమని అందుకోలేని మనిషే. బుచ్చిబాబు అతని మనసులోకి వందల పేజీలు తవ్వుకుంటూ పోతాడు. శరత్ ఒక్క అడుగు కూడా లోపలికి వెయ్యడు, గుమ్మంలో నిలబడి అతను చేసింది చెప్తాడు. దయానిధి మీద ఇప్పటిదాకా సినిమా పాట రాకపోవడం వల్లనేమో, అతనింకా తప్పించుకోలేదు.

ఇప్పుడు చంద్రముఖి, కలకత్తాలో వేశ్య. ఈమె దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, క్షమించండి. నవలలో దేవదాసుని కలకత్తా స్నేహితుడు చున్నీలాల్ ఆమె ఇంటికి తీసుకెళ్తాడు. దేవదాసు అసహ్యించుకుని, డబ్బు పడేసి లేచిపోతాడు. ఆ అసహ్యమే ఆమెకి కొత్తగా ఉంటుంది. తర్వాత ఆమె ఉన్నవన్నీ అమ్మేసి, ఒక పల్లెలో చిన్న మట్టి ఇల్లు తీసుకుని ఉంటుంది. అతని కబురు తెలియక, కాలినడకన తాల్‌సోనాపూర్ వెళ్తుంది. దేవదాసు సొంత ఊరు! అక్కడ అతని వదినతో మాట్లాడి వస్తుంది. అతను కలకత్తాలో ఎక్కడో తిరుగుతున్నాడని తెలిసి, వదిలేసిన ముస్తాబు మళ్లీ వేసుకుని, పాత వృత్తిలో ఉన్నట్టు నటించి, వీధి వీధి వెతుకుతుంది. ఒక రాత్రి దారిపక్కన పడి ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది. ఇంత నడిచినామె పార్వతిని మాత్రం చూడదు. శరత్ ఆ ఇద్దరినీ ఒక్క వాక్యంలో కూడా ఎదురెదురుగా నిలబెట్టలేదు.

1955లో బిమల్ రాయ్ ఉండబట్టలేకపోయాడు. దిలీప్ కుమార్ దేవదాసు, సుచిత్రా సేన్ పార్వతి, వైజయంతిమాల చంద్రముఖి. ఒక దారిలో చంద్రముఖి నడిచి వస్తోంది, ఎదురుగా పార్వతి పల్లకి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మాట లేదు. ఎవరు ఎవరో వాళ్లకి తెలియదు, మనకి తెలుసు. పల్లకి సాగిపోతుంది. నవలలో లేనిదే అయినా, శరత్ చూసి ఉంటే ఏమీ అనేవాడు కాదనిపిస్తుంది. అన్నట్టు వైజయంతిమాలకి ఈ పాత్రకి సహాయ నటిగా ఫిల్మ్‌ఫేర్ ఇస్తే పుచ్చుకోలేదు. నాది సుచిత్రా సేన్ పాత్రతో సమానమైన పాత్ర అంది. నవల చదివినవాళ్లు ఆమెనే సమర్థిస్తారు.

2002కి వచ్చేసరికి చూపు సరిపోలేదు. పార్వతి చంద్రముఖి ఇంటికి వెళ్తుంది, దుర్గా పూజకి పిలుస్తుంది, ఇద్దరూ కలిసి నాట్యం చేస్తారు. ఐశ్వర్యా రాయ్, మాధురీ దీక్షిత్ ఇద్దరూ ఉండగా కలిపి ఆడించకపోతే జనం ఊరుకోరులెండి.

మన 1953 సినిమాలో లలిత చంద్రముఖి. ఆమె చేత క్షేత్రయ్య పదం ఆడించారు. ఆ ఒక్క పదంతో కలకత్తా మనిషి మన మనిషైపోయింది. ఇంకో ముచ్చట. అదే వినోదా సంస్థ, అదే డి.ఎల్. నారాయణ, రెండేళ్లకి, 1955లో, ‘కన్యాశుల్కం’ తీశారు. పార్వతి వేసిన సావిత్రి అందులో మధురవాణి! వ్యవధి రెండేళ్లే. ఓలి పేరు చెప్పి పెళ్లి తప్పిపోయిన పిల్లగా కథ కట్టిన నటి, ఓలి పెళ్లిని తప్పించే వేశ్యగా తిరిగొచ్చింది. ఇది ఎవరూ ప్లాన్ చేసి ఉండరు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే మధురవాణికీ చంద్రముఖికీ తేడా బాగా తెలుస్తుంది. చంద్రముఖి ప్రేమించి అన్నీ వదులుకుంటుంది. మధురవాణి ఎవరినీ అంతగా ప్రేమించదు, అందరికంటే తెలివిగా ఉంటుంది. గిరీశం దేవదాసులా గడ్డం పెంచుకుని ఆమె గుమ్మంలో పడి ఉంటే ఏమనేదో ఊహించండి. నాటకం ఆఖర్న గిరీశం కూడా ప్రేమలో దెబ్బతిన్నవాడే. అయినా తాగి పాట పాడడు. “డామిట్! కథ అడ్డంగా తిరిగింది” అనేసి పోతాడు. దేవదాసుకి సరైన మందు గురజాడ దగ్గరే ఉందని నాకెప్పుడూ అనుమానం.

1974లో విజయనిర్మలగారు కృష్ణగారితో రంగుల్లో, సినిమాస్కోప్‌లో మళ్లీ తీశారు. “కల చెదిరింది, కథ మారింది” పాట ఇప్పటికీ పాడుకుంటాం. సినిమా మాత్రం ఆడలేదు. పాత దేవదాసు జనం కళ్లలోంచి కదలలేదు, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక రైలు. నవల చివర్లో దేవదాసు ఊళ్లూ రైళ్లూ తిరుగుతున్నాడు. వెంట ముసలి నౌకరు ధర్మదాసు. ఒంట్లో ఇక ఏమీ మిగల్లేదు. చచ్చేలోగా ఒకసారి నీ గుమ్మానికి వస్తానని పార్వతికి మాటిచ్చి ఉన్నాడు. తెల్లవారుజామున రైలు పాండువా స్టేషన్‌లో ఆగుతుంది. ధర్మదాసు నిద్రపోతున్నాడు. అతన్ని లేపకుండా, జ్వరంతో వణుకుతూ దిగిపోతాడు. పార్వతి అత్తవారి ఊరు హాతీపోతా. ఎడ్లబండిలో వెళ్లాలి, రెండు రోజుల దారి. ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అని బండివాణ్ణి అడుగుతూ ఉంటాడు.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌లో ప్రమథేశ్ బారువా బెంగాలీ దేవదాసు తీశాడు, తనే వేశాడు. హిందీలో సైగల్ వేశాడు. దానికి కెమెరా పట్టింది ఎవరో తెలుసా, తర్వాత తనే దేవదాసు తీసిన బిమల్ రాయ్. బారువా ఈ రైలు దగ్గర ఒక పని చేశాడు. రైల్లో దేవదాసు కలవరిస్తాడు. వెంటనే ఎక్కడో దూరంగా పార్వతి తూలిపడుతుంది. మళ్లీ రైలు, దేవదాసు బెర్త్ మీంచి కింద పడతాడు. ఒకరి నొప్పి ఇంకొకరికి తగిలినట్టు. ఇవాళ సీరియళ్లలో కూడా ఇదే వాడతారు, అక్కడ ఫొటో పడితే ఇక్కడ కుంకుమ భరిణె పడుతుంది. ఆ రోజుల్లో అది కొత్త. ఎడిటింగ్ బల్ల మీద కత్తెర వేసి అతికిస్తే వంద మైళ్లు ఒక్క క్షణమైపోతాయి. సినిమాకి ఆ శక్తి ఉంది, అందుకే వాడుకుంటుంది. శరత్ చేతిలో ఉన్నది కలం. ఆయన ఆ దూరాన్ని దూరంగానే ఉంచాడు. బండి రెండు రోజులు నడవాల్సిందే.

నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదేనండి. ఇది ప్రేమ కథ అని ఊరుకుంటే సరిపోదు. ఇది అందకపోవడం కథ. ఉత్తరం ముందు వెళ్తుంది, మనిషి తర్వాత వెళ్తాడు. పెళ్లి కుదిరిపోయాక ప్రేమ తెలుస్తుంది. సినిమా తీసిన ప్రతివాడూ ఆ అందకపోవడాన్ని తట్టుకోలేక ఏదో ఒకటి దగ్గరకి జరిపాడు. ఒకరు పల్లకిని ఆ దారిలో నడిపారు, ఒకరు ఇద్దరి చేతా నాట్యం ఆడించారు, ఒకరు కత్తెర వేసి రైలునీ ఇంటినీ అతికించారు. 2009లో అనురాగ్ కశ్యప్ ‘దేవ్ డి’ అయితే ఏకంగా హీరోని బతికించి, చందా వెంట, అంటే అందులోని చంద్రముఖి వెంట, పంపించింది. ఆ సినిమాలో పారో ప్రియుణ్ణి కలవడానికి సైకిల్ మీద పరుపు కట్టుకుని చేలోకి వెళ్తుంది, చూశారా? అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ అర్ధరాత్రి కాపలావాళ్లని దాటుకొచ్చిన పార్వతే కనపడింది. ఈ సినిమాలన్నిటిలోకీ శరత్ పార్వతికి దగ్గర బంధువు, నా లెక్కలో, ఆ పరుపు మోసిన పిల్లే.

ఇప్పుడు క్లైమాక్స్. బిమల్ రాయ్ సినిమాలో, భన్సాలీ సినిమాలో, పార్వతి పరుగెత్తుకొస్తుంది, గేట్లు మూసుకుంటాయి. బయట అతను పోతున్నాడు, లోపల ఆమె కొట్టుకుంటోంది. మధ్యలో తలుపు. మనం కుర్చీ అంచుకి వచ్చేస్తాం. ఇంకో నాలుగు అడుగులు, ఇంకో నాలుగు క్షణాలు!

నవలలో ఏం జరుగుతుందో చెప్తాను. అర్ధరాత్రి బండివాడు అతన్ని జమీందారు ఇంటి ముందు రావిచెట్టు చప్టా మీద పడుకోబెడతాడు. తెల్లారాక జనం పోగవుతారు. జమీందారు వస్తాడు, పార్వతి సవతి కొడుకు మహేంద్ర వస్తాడు, డాక్టరు వస్తాడు. పొద్దెక్కాక పోతాడు. ఏ కులమో తెలియని శవాన్ని ముట్టుకోవడానికి ఊళ్లో ఎవరూ రారు. చండాలురు తీసుకెళ్లి ఎండిపోయిన చెరువు పక్కన సగం సగం కాల్చి వచ్చేస్తారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ పార్వతి మేడ మీద ఇంటి పనుల్లో ఉంది. అన్నీ అయిపోయాక, ఎవరో అనాథ పోయాడట అన్న మాట పనిమనుషుల మీదుగా ఆమె చెవిన పడుతుంది. మహేంద్రని అడుగుతుంది. పేరు తెలుస్తుంది. అప్పుడు పరుగెత్తుతుంది. ఎక్కడికి? అక్కడ ఎవరూ లేరు. మహేంద్ర పట్టుకోమని కేకేస్తాడు, పనివాళ్లు పట్టుకుంటారు, స్పృహ తప్పుతుంది.

గేటు అక్కర్లేదు. గేటు తెరిచి ఉన్నా ఒకటే. సినిమాలో నాలుగు క్షణాలు ఆలస్యం, నవలలో ఒక పగలూ ఒక రాత్రీ ఆలస్యం.

మర్నాడు ఆమెకి తెలివొస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు. ఒక దాసీని పిలిచి అడుగుతుంది, రాత్రే వచ్చారు కదూ అని. రాత్రంతా ఉన్నారు అని తనలో తను అనుకుంటుంది. అంతే, మళ్లీ మాట్లాడదు.

నా మాట ఇంతటితో అయిపోయింది. ఎవరైనా ఏమైనా అడగాలంటే... ఆ, చెప్పండమ్మా. మైకు అక్కడివ్వండి, పెద్దావిడ నిలబడలేరు.

“నాయనా, దేవదాసు సంగతి సరే. తర్వాత ఆ పిల్ల ఏమైందో రాశాడా?”

రాయలేదమ్మా. ఆఖరి పేరాలో శరత్ బాబే ముందుకొచ్చి, ఇన్నేళ్లకి పార్వతి ఏమైందో, ఎలా ఉందో నాకు తెలియదు, కనుక్కోవాలని కూడా లేదు అన్నట్టు రాస్తాడు. దేవదాసు లాంటివాడు ఎవరైనా ఎదురైతే అతని కోసం ప్రార్థించమని మనల్ని అడుగుతాడు. చావు రానీ, కానీ ఆ సమయంలో నుదుటి మీద ప్రేమగా ఒక చెయ్యి పడాలి అంటాడు. పార్వతి నుదుటి మీద ఆ మచ్చ అప్పటికీ ఉండే ఉంటుందమ్మా. ఆయన దాని గురించి ఏమీ చెప్పలేదు.